ఖాళీ తూటాలు, బతుకమ్మ తాంబాళం: అమ్మమ్మ ఉత్తరం

చిరంజీవులైన నా మనవడికి, మనవరాలికి హనుమకొండ నుంచి అమ్మమ్మ ఆశీస్సులు.

ఆదివారం ఫోనులో మీరడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేకపోయాను. అది రెండు మాటల్లో తేలేది కాదు. ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పిన దాన్ని, అరకొరగా చెప్పి వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అక్కడ విదేశంలో మీ పక్కింటి పెద్దాయన షూటింగ్ రేంజ్ నుంచి తెచ్చుకున్న ఖాళీ తూటా గొట్టాలను కడుగుతుంటే మీరిద్దరూ చూశారు. వాటిలో మళ్ళీ మందు నింపుకుని వాడుకుంటారని, శుభ్రం చేసే యంత్రం కొనాలంటే చాలా ఖరీదని ఆయన అన్నారు. "మా అమ్మమ్మ ఇత్తడిని చింతపండుతో తోముతుంది, మీరూ అలా చేయవచ్చు కదా" అని చిన్నది వెంటనే సలహా ఇచ్చింది. ఆయన నవ్వి, అమ్మమ్మను అడిగి రమ్మన్నారు. బాగుంది. ఆయనకు నా నమస్కారాలు చెప్పండి. ఈ ఉత్తరం చదివి వినిపించండి.

చింతపండు పని చేస్తుంది. అయితే తాంబాళానికి చేసినంత బాగా తూటా గొట్టానికి చేయదు. ఎందుకో చెబుతాను.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. తూటా గొట్టాల ఇత్తడిలో నూటికి డెబ్బై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు జింకు ఉంటాయి. ఆ పాళ్ళలో కలిస్తే లోహం బాగా సాగుతుంది. తుపాకీ పేలినప్పుడు గొట్టం ఉబ్బి, లోపలి గోడకు అతుక్కుని, పొగ వెనక్కి రాకుండా మూసేస్తుంది. ఆ వెంటనే కాస్త ముడుచుకుని బయటికి వచ్చేస్తుంది. మళ్ళీ మళ్ళీ వాడుకోగలిగేది ఆ గుణం వల్లే. సాగే ఇత్తడి ఎంత పని చేయగలదో చూడాలంటే, మీరు ఈసారి వచ్చినప్పుడు జనగామ దగ్గరి పెంబర్తికి తీసుకెళతాను. అక్కడివాళ్ళు పలుచటి ఇత్తడి రేకు మీద ఉలితో, చిన్న సుత్తితో తట్టి తట్టి పూలూ హంసలూ లేపుతారు. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన పని అది.

ఇక మురికి సంగతి. ఇత్తడి మీద పట్టేవన్నీ ఒకటి కావు. జిడ్డు వేరు, గాలికి పట్టే నల్లని పొర వేరు, తడి నిలిచిన చోట పుట్టే పచ్చని చిలుము వేరు. తూటా గొట్టానికి వీటితో పాటు కాలిన మందు మసి కూడా ఉంటుంది. జిడ్డుకు పులుపు పని చేయదు, చిలుముకు సబ్బు పని చేయదు. అందుకే మా అమ్మ ముందు కుంకుడుకాయ నురుగుతోనో, కచ్చిక బూడిదతోనో జిడ్డు వదిలించి, ఆ తర్వాతే చింతపండు పట్టించేది. బూడిదలోని క్షారం నూనెను కరిగిస్తుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం నల్లపొరను కరిగిస్తుంది. ఆమె బడికి వెళ్ళలేదు, ఆమ్లం అనే మాటా వినలేదు. అయినా ఏది ముందు, ఏది తర్వాత అనేది ఒక్కసారి కూడా తప్పలేదు.

తూటా గొట్టానికీ వరుస అదే. ముందు వేడినీళ్ళలో పాత్రలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసి బాగా కుదిపి మసి, జిడ్డు వదిలించాలి. తర్వాత పులుపు. ఇక్కడ చింతపండుకు బదులు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం పొడి వాడమనండి. చింతపండు గుజ్జులో పీచు ఉంటుంది, తీపి ఉంటుంది. తాంబాళం వెడల్పుగా ఉంటుంది కాబట్టి చేత్తో రుద్ది కడిగితే పోతుంది. చిటికెన వేలు కూడా దూరని గొట్టంలో ఆ పీచు ఎక్కడో అంటుకుని మిగిలిపోతుంది. పులుపు మిగిలిన చోట నాలుగు రోజుల్లో చిలుము లేస్తుంది. నిమ్మ ఉప్పు అయితే నీళ్ళలో పూర్తిగా కరిగి, నీళ్ళతోనే పోతుంది. లీటరు గోరువెచ్చని నీటికి రెండు చిన్న చెంచాలు చాలు. మీ ఊళ్ళో భారతీయ దుకాణంలో చవకగానే దొరుకుతుంది. లేకపోతే లీటరు నీటికి ఒక కప్పు వెనిగర్, ఒక చెంచా ఉప్పు. ఉప్పు వేస్తే పులుపు చురుగ్గా పనిచేస్తుంది. అయితే ఉప్పు కాస్త మిగిలినా తేమను లాగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ నీళ్ళతో కడగాలి. నన్నడిగితే నిమ్మ ఉప్పే మేలు.

ఎంతసేపు? పది నిమిషాలు. గడియారం చూసుకుని పది నిమిషాలు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మీ అమ్మ ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి హారతి పళ్ళేన్ని చింతపండు నీళ్ళలో వేసి, ఎక్కువ నానితే ఎక్కువ మెరుస్తుందనుకుని రాత్రంతా వదిలేసింది. పొద్దున తీస్తే పళ్ళెం బంగారు రంగులో లేదు, గులాబీ ఎరుపులో ఉంది. ఏదో పాడు చేశానని ఏడ్చింది. నేను ఆ పళ్ళేన్ని అలాగే బడికి తీసుకెళ్ళి పిల్లలకు చూపించాను. పులుపులో ఎక్కువసేపు ఉంటే ఇత్తడి పైపొరలోంచి జింకు కరిగి వెళ్ళిపోతుంది, రాగి మిగిలిపోతుంది. ఆ ఎరుపు రాగిదే. పళ్ళెం అయితే కాస్త బూడిదతో రుద్దితే మళ్ళీ పసుపు రంగు తేలింది. తూటా గొట్టానికి మాత్రం ఆ మార్పు మంచిది కాదు. ఎర్రబడ్డాయంటే ద్రావణం ఘాటు ఎక్కువైందనో, సమయం మించిందనో అర్థం.

వాడేసిన ఆ పులుపు నీళ్ళు పారబోయకముందే, పెద్దాయన చేత అందులో ఒక ఇనుప మేకు వేయించి చూడండి. కాసేపటికి మేకు మీద రాగి రంగు పొర పడుతుంది. నీళ్ళలో కరిగిన రాగి ఇనుము మీదికి చేరుతుందన్నమాట. కాబట్టి నానబెట్టే గిన్నె ఇనుముది కాకూడదు, ప్లాస్టిక్ డబ్బా మంచిది. ఆ డబ్బా మళ్ళీ వంటింట్లోకి రాకూడదు.

ఎందుకు రాకూడదో చెప్పేముందు నా కథ ఒకటి వినండి. కాలేజీలో నేను ఎన్‌సీసీలో ఉన్నాను. మీకు తెలియదు కదూ! ఒకసారి క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్‌తో ఐదేసి తూటాలు కాల్చనిచ్చారు. కాల్చడం అయిదు నిమిషాలు, ఖాళీ గొట్టాలు ఏరడం గంట. మా ఉస్తాద్ వాటిని ఖోకాలు అనేవారు. ఇచ్చిన తూటాలెన్నో, తిరిగి వచ్చిన ఖోకాలెన్ని అని లెక్క సరిపోవాలి. ఒకటి తక్కువైంది. చీకటి పడే దాకా మోకాళ్ళ మీద గడ్డిలో వెతికాం. చివరికి అది నా బూటు మడమ కింద మట్టిలో కూరుకుపోయి దొరికింది. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు వేలికి నల్లటి మసి అంటింది. నేను లంగా అంచుకు తుడుచుకుని, ఆ చేత్తోనే అటుకులు తిన్నాను. ఆ మసిలో ఏముంటుందో నాకు అప్పుడు తెలియదు.

మీకు తెలియాలి. గొట్టం అడుగున ప్రైమర్ అనే చిన్న టోపీ ఉంటుంది. తుపాకీ సూది దాన్ని కొట్టగానే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. చాలా రకాల ప్రైమర్లలో సీసం కలిసిన పదార్థం వాడతారు. కాలిన తర్వాత ఆ సీసం మసిలో మిగులుతుంది. సీసం పిల్లల ఒంట్లోకి కొద్దిగా పోయినా మెదడుకు హాని చేస్తుంది. అందుకని బిడ్డల్లారా, ఆ గొట్టాలను ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. దగ్గర కూర్చుని చూడండి, గడియారం పట్టుకోండి, లెక్క రాయండి. నీళ్ళలో చేతులు పెట్టేది చేతి తొడుగులు వేసుకున్న ఆయన. మొదటి కడుగు నీళ్ళు తోటలో పోయకూడదు. పని దగ్గర ఏమీ తినకూడదు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ప్రైమర్లు, మందు, గుండు ఉన్న డబ్బాల జోలికి అసలు పోవద్దు. నింపే పని ఆయనది, మీది కాదు. ఇంకోటి, ఇది అక్కడి చట్టం ఒప్పుకునే అలవాటు. ఇక్కడ మన దేశంలో తూటాలు ఆయుధాల చట్టం కిందికి వస్తాయి, అనుమతి లేకుండా ఉంచుకోకూడదు. సెలవులకు వచ్చేటప్పుడు గుర్తుగా ఒక్క ఖోకా కూడా పెట్టెలో వేసుకుని రావద్దు.

ఇక ఊకతో శుభ్రం చేయవచ్చా అని మనవడు అడిగిన సంగతి. నీళ్ళు లేకుండా పొడిగా శుభ్రం చేసే పద్ధతి కూడా ఉంది. అక్కడి వాళ్ళు మొక్కజొన్న బెండు రవ్వలోనో, వాల్‌నట్ పెంకు పొడిలోనో గొట్టాలను వేసి యంత్రంలో గంటల తరబడి దొర్లిస్తారు. ఊకైనా పనిచేస్తుందా అని మొన్న నేనే పరీక్షించాను. మన వరి ఊకలో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, అందుకే గరుకు. దిండు గలీబులో రెండు దోసిళ్ళ ఊక పోసి, నల్లబడ్డ ఇత్తడి గజ్జెలు నాలుగు వేసి, మూతి కట్టి అరగంట అటూ ఇటూ ఊపాను. పైన మెరుపు వచ్చింది. కానీ ఒక గజ్జె మోగలేదు. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల ఊక గింజ ఒకటి ఇరుక్కుని ఉంది. సూదితో తీస్తే గాని గొంతు రాలేదు. తూటా గొట్టం అడుగున నిప్పు వెళ్ళే రంధ్రం ఆ గజ్జె చీలిక కన్నా చిన్నది. అందులో రవ్వ ఇరుక్కుంటే నిప్పు మందును సరిగా చేరదు. పైగా పొడి పద్ధతిలో సీసం దుమ్మై గాలిలో లేస్తుంది. పిల్లలున్న ఇంట్లో తడి పద్ధతే మంచిదని నా అభిప్రాయం.

పులుపు తర్వాత మంచినీళ్ళతో రెండు మూడుసార్లు, మధ్యలో ఒకసారి చిటికెడు వంట సోడా వేసిన నీళ్ళతో కడగాలి. సోడా మిగిలిన పులుపును చంపేస్తుంది. ప్రైమర్ టోపీని కడగడానికి ముందే తీసేస్తే అడుగు గుంట కూడా శుభ్రపడుతుంది, త్వరగా ఆరుతుంది. ఆరబెట్టడానికి పాత తువ్వాలు మీద మూతి కిందికి పెట్టి ఎండలో రెండు రోజులు. లోపల ఒక్క నీటి చుక్క మిగిలినా మందు పాడవుతుంది. తొందరపడి మంట మీద కాల్చకూడదు. ఎక్కువ వేడి తగిలితే ఇత్తడి మెత్తబడుతుంది. అడుగు భాగం గట్టిగా ఉండకపోతే పేలుడు ఒత్తిడికి తట్టుకోలేదు.

అమ్మోనియా ఉన్న పాలిష్ ద్రవాలు మాత్రం వద్దనండి. దీని వెనక మన దేశానికి సంబంధించిన కథ ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇక్కడి సైన్యం వర్షాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిలవ చేసేది. వాన వెలిశాక తీసి చూస్తే, ఎవరూ ముట్టుకోని గొట్టాలకు పగుళ్ళు! ఆ రుతువులో వస్తాయి కాబట్టి దానికి రుతువు పగుళ్ళనే అర్థం వచ్చే పేరే పెట్టారు. అసలు కారణం 1921లో గాని తేలలేదు. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, గొట్టాన్ని సాగదీసి తయారుచేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, రెండూ కలిసి ఇత్తడిని చీల్చేశాయి. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ తరగతి గది నిశ్శబ్దమైపోయేది. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ ఇష్టం.

పెద్దాయనకు అద్దంలా మెరిసే గొట్టాలు కావాలా అని అడగండి. మెరుపు లేకపోయినా తూటా పనిచేస్తుంది. ఇసుక, మసి పోవడం ముఖ్యం, లేకపోతే అవి నింపే పనిముట్టును గీకేస్తాయి. శుభ్రపడ్డ గొట్టంలో దోషం కంటికి కనిపిస్తుంది, అది ఇంకా ముఖ్యం. మూతి దగ్గర సన్నని పగులు ఉందా? అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే గీత ఉందా? ఉంటే అక్కడ గోడ పలచబడిందని, ఈసారి తెగిపోవచ్చని గుర్తు. ఆ గొట్టాన్ని పక్కన పడేయాలి. మా అమ్మ బిందెను తోమి బోర్లించి, వేలి కణుపుతో మెడ మీద కొట్టి వినేది. ఖంగుమంటే బావికి, బొంగురుగా పలికితే అతుకు వేసేవాడి దగ్గరికి. మసి కింద పగులు కనిపించదని, తోమకుండా ఏ బిందెనూ బావికి పంపేది కాదు.

పెత్తరమాస దగ్గర పడింది. అటక మీద నుంచి బతుకమ్మ తాంబాళం దించాను. ఏడాది నల్లదనం ఉంది దాని మీద. పొద్దున కుంకుడు నురుగు పట్టించి, చింతపండు రుద్ది, మూడు బిందెల నీళ్ళతో కడిగి మేడ మీద ఎండకు పెట్టాను. అంచు మలుపులో నీళ్ళు నిలుస్తాయి, నిలిచిన చోటే మళ్ళీ చిలుము మొదలవుతుంది. ఇప్పుడు వెళ్ళి దాన్ని అటు తిప్పి పెట్టాలి. మొదటి విడత గొట్టాలు ఆరాక ఏ రంగుకు వచ్చాయో ఫొటో పంపండి. ఎర్రగా ఉంటే ఎన్ని నిమిషాలు ఉంచారో కూడా రాయండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ