ట్రాక్టర్ కంటే ముందు వాలు చూడండి

చిరంజీవులకు,

పెదనాన్న ఆశీస్సులు. మీరు ఫోనులో పంపిన ట్రాక్టర్ల బొమ్మలన్నీ చూశాను. కేబిన్ ఉన్న బండే కొందామన్న మీ ఆలోచన నాకు నచ్చింది. మే నెలలో మన చందంపేట గుట్టల మధ్య, మట్టిని తిప్పి పొడి చేసే రోటవేటర్ వెనక లేచే ఎర్రదుమ్ములో నలభై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి, ఆ సుఖం మీకు వద్దని ఎందుకంటాను? కానీ మీరు మొదట అడిగింది ఎన్ని హెచ్‌పీ, అంటే ఇంజను శక్తి ఎంత ఉన్నది తీసుకోవాలని. దాని సంగతి తరువాత చూద్దాం. ముందు మన చెలక ఎంత వాలుగా ఉందో తెలియాలి.

అది కొలవడానికి మేస్త్రీలు గోడలకు మట్టం పట్టే పైపు చాలు. దాంట్లో నీళ్ళు నింపి ఒకరు పైన, ఇంకొకరు పది మీటర్ల దూరంలో కింద నిలబడండి. పైపు రెండు చివరలా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఆ మట్టం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ఇద్దరూ కొలిచి, తేడా తీయండి. మీటరు తేడా వస్తే వాలు నూటికి పది. ఇంటి ముందు పొలం నూటికి ఐదు దాటదు. బత్తాయి తోట పది దగ్గర ఉంటుంది. బండమీది చెలక పై సగం నూటికి ఇరవై అయిదు. ఆ పై సగంలోకి ఏ ట్రాక్టరూ ఎక్కకూడదని నా నిర్ణయం.

దానికి కారణం ఉంది. మట్టి కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా దున్నాలని మనం ఎప్పుడూ వింటున్నదే, అది నిజం. అయితే నిటారు వాలులో అడ్డంగా నడిచే ట్రాక్టర్ బరువు ఎక్కువగా కిందివైపు చక్రాల మీద పడుతుంది. ఆ చక్రం చిన్న గుంతలో దిగినా, పైచక్రం ఒక గుండురాయి ఎక్కినా బండి పక్కకు పడిపోతుంది. పోనీ నిలువుగా దున్నుదామంటే మొదటి గట్టి వానకే మట్టి డిండి వాగు పాలవుతుంది. నేలకు మంచిది బండికి ప్రమాదం, బండికి మంచిది నేలకు నష్టం. అలాంటి చోట దుక్కి మానేయడమే దారి. అక్కడ గడ్డి పెరగనిద్దాం, సీతాఫలం పెడదాం. పాలమూరు వైపు బాలానగర్ పేరుతోనే ఒక సీతాఫలం రకం ఉంది. రాళ్ళ నేలలో కూడా బతికే చెట్టు అది.

మీ నాన్న కాలు ఎందుకు ఈడుస్తాడో మీకు ఎవరూ సరిగా చెప్పలేదు. 1998లో ఆ చెలకలోనే రాళ్ళు ఏరి, ట్రాలీ నిండా వేసుకుని దిగుతున్నాడు. డీజిలు మిగులుతుందని గేరు తీసి న్యూట్రల్‌లో దిగాడు. ఆ అలవాటు నేర్పింది నేను. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. గేరు తీశాక ఆ పట్టు పోయింది. ట్రాలీకి బ్రేకులు లేవు. వెనక నుంచి రాళ్ళ బరువు తోసింది, ట్రాక్టర్ అడ్డం తిరిగి పల్టీ కొట్టింది. దూకబోయిన వాడి కాలు మడ్‌గార్డు కింద ఇరుక్కుంది. అందుకే దిగే ముందే చిన్న గేరు వేయాలి. సగం దారిలో క్లచ్చు తొక్కకూడదు. ట్రాలీ కొంటే బ్రేకులున్నదే కొనాలి. ఈ మూడూ మీ చేత ప్రమాణం చేయించుకుంటాను.

ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమా అని అడిగారు. మనకు అవసరమే, ముఖ్యంగా దిగడానికి. మామూలు ట్రాక్టర్‌కు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. దిగేటప్పుడు బరువు ముందుకు వాలి, ఆ వెనక చక్రాలే పట్టు కోల్పోతాయి. ఫోర్ వీల్ వేస్తే ఇంజను పట్టు ముందు చక్రాలకూ అందుతుంది. అంతమాత్రాన దాన్ని నమ్ముకుని ఎత్తులకు ఎగబాకకండి. ఎక్కించగలిగిన ప్రతి చోటు నుంచీ అది మిమ్మల్ని క్షేమంగా దింపలేదు.

ఇక కేబిన్. మీరు ఏసీ చూశారు, నేను దాని నాలుగు స్తంభాలు చూస్తాను. బండి తిరగబడినా మనిషి చుట్టూ జాగా మిగిలేలా పరీక్షించి కట్టిన చట్రం అది. కొత్త ట్రాక్టర్లకు అలాంటి రక్షణ ఉండాలని స్వీడన్ 1959లోనే చట్టం చేసింది. ఆ తరువాత అక్కడ తిరగబడి చనిపోయేవాళ్ళ సంఖ్య బాగా పడిపోయింది. మన దగ్గర వెల్డింగ్ షాపులో చేయించే రేకు పందిరి ఎండను ఆపుతుందేగానీ బండి బరువును ఆపదు. కాబట్టి కంపెనీ బిగించిన కేబినే కావాలి, పరీక్షించిన చట్రం అని కాగితంలో ఉండాలి. దానికి ఎక్కడా రంధ్రం వేయకూడదు, వెల్డింగ్ చేయకూడదు. బెల్టు పెట్టుకోకపోతే ఆ చట్రం వల్ల పూర్తి లాభం లేదు, బండితో పాటు మనిషీ లోపల ఎగిరిపడతాడు.

కేబిన్‌తో చిక్కులూ ఉన్నాయి. పైన బరువు పెరుగుతుంది కాబట్టి వెనక చక్రాల మధ్య దూరం పెంచుకోవాలి, టైర్లలో ముప్పావు వంతు నీళ్ళు నింపాలి. బత్తాయి కొమ్మలు అద్దాలకు తగులుతాయేమో కూడా చూడాలి, కింది కొమ్మల ఎత్తు కొలిచి రాసి పెట్టండి. తోటకు మందు కొట్టేటప్పుడు కేబిన్‌లో ఉన్నాం కదా అని ధైర్యపడకండి. మామూలు వడపోత దుమ్మును ఆపుతుంది, పురుగుమందు ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు పొర ఉన్న వడపోత దొరుకుతుందేమో అడగండి.

ఇప్పుడు హెచ్‌పీ. మన పనులకు 45 నుంచి 55 మధ్య చాలు. ఇంజను మీద రాసిన శక్తి అంతా రోటవేటర్‌కు చేరదు, ఏసీ కూడా అందులోంచే తింటుంది. కాబట్టి పిటిఓ దగ్గర, అంటే వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు దగ్గర, ఎంత మిగులుతుందో అడగండి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు కఠినమయ్యాయి. ఆ ఇంజన్లలో సెన్సర్లు ఎక్కువ, మన ఊరి మెకానిక్ విప్పి బాగు చేయలేడు. దేవరకొండలో సర్వీసు ఉందో లేదో తెలుసుకున్నాకే ఆ వైపు వెళ్ళండి. ట్రాక్టర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర చెప్పేవాళ్ళ దగ్గర ఆ మాట గట్టిగా అడగండి.

షోరూం ముందు సిమెంటు నేల మీద నడిపి చూస్తే ఏమీ తెలియదు. బండిని మన తోటకు తెమ్మనండి. నిండు ట్రాలీ తగిలించి, నూటికి పది వాలులో దింపి, మధ్యలో ఆపి, మళ్ళీ కదిలించి చూపించమనండి. దానికి ఒప్పుకోని చోట బయానా ఇవ్వకండి.

వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. ఇంట్లో ఉన్న మట్టం పైపు ఎలుకలు కొరికాయి. దేవరకొండలో బస్సు దిగగానే పదిహేను మీటర్లది కొత్తది కొని తీసుకురండి.

మీ పెదనాన్న