కప్పల మీద నేను తరచూ వినే అపోహలు - వాస్తవాలు

రాత్రిళ్లు తలకి టార్చి కట్టుకుని, బురదలో తిరుగుతూ ఏ కప్ప ఎక్కడ కూస్తోందో రాసుకోవడం నా పని. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ముట్టుకుంటే పులిపిర్లు రావా అని.

రావు. పులిపిర్లకి కారణం హెచ్‌పీవీ అనే వైరస్, అది మనుషుల నుంచే మనుషులకి అంటుకుంటుంది. గోండ్రుకప్ప ఒంటి మీది బుడిపెలు చర్మంలోని గ్రంథులు. కళ్ల వెనక ఉబ్బెత్తుగా ఉండే రెండింటి నుంచి మాత్రం విషం ఊరుతుంది, అందుకే పట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకోకండి. అసలు మనల్ని చూసి భయపడాల్సింది కప్పే! అది నీళ్లు నోటితో తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది, కాబట్టి మన చేతికున్న దోమల క్రీము కూడా దాని ఒంట్లోకి పోవచ్చు.

"వాన కోసం అరుస్తాయి." కాదండీ, ఆడకప్ప కోసం. చాలా జాతుల్లో గట్టిగా కూసేవి మగవే, అదీ నోరు మూసుకుని, గాలిని గొంతు సంచిలోకి తోస్తూ. వాన పడితే గుడ్లు పెట్టడానికి గుంటలు నిండుతాయి కాబట్టి అప్పుడు గోల ఎక్కువ, అంతే. ఆ అరుపుకి ఖరీదు కూడా ఉంది. మధ్య అమెరికాలో టుంగారా అనే చిన్న కప్ప ఉంది, దాని మగది సాగదీసిన కూత చివర 'చక్' అని ఒక ముక్క తగిలిస్తే ఆడవి ఎక్కువ ఇష్టపడతాయి, కానీ ఆ 'చక్' విని కప్పల్ని తినే గబ్బిలం కూడా నేరుగా అక్కడికే వస్తుంది. కొన్ని జాతుల్లో గడుసు మగవి అసలు నోరెత్తవు, బాగా కూసేవాడి పక్కన నక్కి కూర్చుని వచ్చే ఆడదాన్ని దారిలోనే పట్టుకుంటాయి.

రంగు మెరిస్తే విషమేనా? ఇండియన్ బుల్‌ఫ్రాగ్ మగవి వానాకాలంలో నిమ్మపండు రంగుకి మారేది జత కోసం. కొలంబియాలోని బంగారు విషకప్ప సంగతి వేరు, దాని విషం నిజంగా ప్రాణాంతకం, కానీ అది తిండి నుంచి వచ్చేదే. బోనులో పుట్టి పెరిగినదానికి ఆ విషం ఉండదు.

మెల్లగా కాచే నీళ్లలో కప్ప కదలకుండా చచ్చిపోతుందన్న కథ కూడా తప్పే. 1869లో గోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో అలా కూర్చుండిపోయింది మెదడు తీసేసిన కప్ప. మెదడున్నది తప్పించుకోవాలనే చూసింది.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది బడి పుస్తకంలోని బొమ్మ: గుడ్డు, తోకకప్ప, కప్ప. ఏడు వేలకి పైగా జాతులుంటే అన్నీ అదే దారిలో పోతాయా? పశ్చిమ కనుమల్లో పొదకప్పల గుడ్లలోంచి నేరుగా బుల్లి కప్పలే వస్తాయి, తోకకప్ప ఈదే దశే ఉండదు. దక్షిణ అమెరికాలో డార్విన్ కప్ప మగది పిల్లల్ని తన గొంతు సంచిలో పెట్టుకుని పెంచుతుంది, ఆ కూసే సంచిలోనే! ఆస్ట్రేలియాలో ఇంకో రకం ఉండేది, తల్లి గుడ్లని మింగేసి, పొట్టలో ఆమ్లం ఊరడం ఆపేసి, వారాల తరబడి తిండి మానేసి, చివరికి పిల్లల్ని నోట్లోంచి బయటికి వదిలేది. అలాంటివి రెండు జాతులు. 1980ల మధ్య తర్వాత అడవిలో ఎవరికీ కనిపించలేదు.