ఎన్జీఓలతో కలిసి మూల్యాంకనం: కొన్ని అపోహలు, అసలు సంగతులు

స్వచ్ఛంద సంస్థ చేసిన పని జనానికి ఉపయోగపడిందా లేదా అన్నది ఆ సంస్థతోనే కలిసి తేల్చడం మా పని. తిరిగేది శ్రీకాకుళం జిల్లా, అందులోనూ ఎక్కువగా కిడ్నీ జబ్బు బాగా ఉన్న ఉద్దానం ప్రాంతం. ఈ పని గురించి దాతలు, యూనివర్సిటీ వాళ్లు, కొన్నిసార్లు సంస్థల వాళ్లు కూడా గట్టిగా నమ్మే మాటలు ఇవి.

అపోహ: కార్యకర్త పక్కనుంటే జనం నిజం చెప్పరు, బయటివాళ్లే వెళ్లాలి.

సగమే నిజం. కవిటి మండలంలో ఒక ముసలమ్మని సంస్థ పెట్టిన శుద్ధి ప్లాంటు నీళ్ల గురించి అడిగితే, వాకిట్లో ఉన్న కార్యకర్త వైపు చూసి "శానా బాగున్నాయి బాబూ" అంది. ఆ అమ్మాయి పక్కింటికి వెళ్లాక, క్యాను మోసేవాళ్లు లేక బోరు నీళ్లే తాగుతున్నానని చెప్పింది. అలాగని ఆ అమ్మాయే లేకపోతే మమ్మల్ని అరుగు ఎక్కనిచ్చేవారు కాదు. కిడ్నీ పరీక్షలంటూ రక్తం తీసుకుని రిపోర్టు కూడా చెప్పకుండా పోయినవాళ్ల మీద ఊళ్లలో కోపం ఇంకా ఉంది. అందుకే పరిచయం చేయడం కార్యకర్త పని, ప్రశ్నల వేళకి ఆమె వేరే వీధిలో ఉండాలి. "మమ్మల్ని నమ్మరా?" అని చిన్నబుచ్చుకుంటారు కాబట్టి ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

అపోహ: ఇంటికి తాళం ఉంటే పక్కింటిని సర్వే చేస్తే చాలు.

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది ఇదే. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి సర్వే హడావిడంతా ఫిబ్రవరి, మార్చిలో. మావాళ్లేమో సంక్రాంతికి ఊరొచ్చి, కనుమ దాటగానే హైదరాబాద్, చెన్నై బళ్లెక్కేస్తారు. తీరం ఊళ్ల మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉంటారు. ఊళ్లో పని దొరకనివాళ్ల ఇళ్లకే తాళాలు. వాళ్లను వదిలేసి కాస్త నిలదొక్కుకున్నవాళ్లనే లెక్కిస్తే ఏ ప్రాజెక్టయినా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. తాళాన్ని తాళంగానే రాయండి. ఫోన్ నంబరు సంపాదించండి. వీలైతే పండగ వారంలోనే వెళ్లండి, అరిసెలు పెట్టి మరీ మాట్లాడతారు.

అపోహ: ముందెంత, తర్వాతెంత చూస్తే ఫలితం తేలిపోతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. 2017లో ఒక సర్వే, 2019లో ఇంకొకటి చేసి ఆదాయాలు పోలిస్తే, ఎంత మంచి జీవనోపాధి ప్రాజెక్టయినా ఫెయిలే. ప్రాజెక్టు లేని, అదే తుపాను దెబ్బ తిన్న ఊళ్లతో పోల్చాలి.

"మీ నీళ్లతో కిడ్నీ కేసులు తగ్గాయా?" అనడిగే దాతలున్నారు. ఇక్కడి జబ్బుకి కారణమే పూర్తిగా తేలలేదు. పైగా కిడ్నీ లోపం కనీసం 3 నెలలు కొనసాగితేనే దాన్ని దీర్ఘకాలిక జబ్బంటారు. ఒక్క క్యాంపులో ఒక్కసారి చూసిన క్రియాటినిన్‌తో (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష) ఆ మాట చెప్పలేం. ప్లాంటు నీళ్లు ఎందరు, ఎన్ని నెలలు తాగారన్నది మాత్రం లెక్కించగలం.

అపోహ: కలిసి చేస్తే ఖర్చు తగ్గుతుంది.

కార్యకర్త జీతం సంస్థ భరిస్తోంది కాబట్టి అలా కనిపిస్తుంది. విదేశీ నిధుల్లో పరిపాలనా ఖర్చు పరిమితిని విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో వచ్చిన సవరణ 50 శాతం నుంచి 20కి దించింది. రిపోర్టులు రాసే ఖర్చు కూడా అందులోకే వస్తుంది. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిబంధనల్లో ప్రభావ అంచనా తప్పనిసరి అయ్యేది పెద్ద కంపెనీల కోటి రూపాయలు, ఆపై ప్రాజెక్టులకే. చిన్న సంస్థకు మూల్యాంకనం ఖర్చు అలా రాబట్టుకునే దారీ లేదు. కార్యకర్తల రోజులు బడ్జెట్‌లో చూపించని ప్రతిపాదన మీద నేనైతే సంతకం పెట్టను.

అపోహ: ఫలితం బాగోకపోతే సంస్థ దాచేస్తుంది.

దాచే సంస్థలూ ఉన్నాయి. కానీ వచ్చే ఏడాది నిధులు ఆ రిపోర్టు మీదే ఆధారపడి ఉన్నప్పుడు ఎవరికైనా టెన్షనే. డ్రాఫ్టు ముందు ఎవరు చూస్తారు, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, దాతకు ఎవరు పంపుతారు అన్నవి ఒప్పందంలో రాసుకోండి. తప్పుడు అంకెలు దిద్దమని సంస్థ అడగొచ్చు, తేలిన విషయాన్ని తీసేయమని అడగకూడదు. ఆ కాగితం మీద రెండు వైపులా సంతకాలు అయ్యాకే ఫారాలు ప్రింటుకివ్వండి.