బంక గీసే మనిషి ఉన్న అడవి

స్పెయిన్‌లో వేసవి వచ్చిందంటే అడవి మంటల టెన్షన్ మొదలవుతుంది. 2022లో సమోరా ప్రావిన్సులోని సియెర్రా దె లా కులెబ్రా కొండలు జూన్‌లో ఒకసారి, జులైలో మరోసారి అంటుకుని వేల హెక్టార్ల అడవి బూడిదైంది. ఇలాంటి మంటల తర్వాత అక్కడ జరిగే చర్చల్లో ఒక పాత వృత్తి పేరు వినబడుతుంది. అదే పైన్ చెట్ల బంక గీత.

మాడ్రిడ్‌కు ఉత్తరాన సెగోవియా, వల్లడోలిడ్ ప్రాంతాల్లో చాలా భాగం ఇసుక నేలలు. గోధుమ సరిగా పండని ఆ నేలలో పైన్ ఏపుగా పెరుగుతుంది. కోకా, క్వెయార్ లాంటి ఊళ్ల చుట్టూ ఉన్న అడవుల్లో చాలావరకు మధ్యయుగాల నుంచీ ఆ ఊళ్ల ఉమ్మడి ఆస్తి. అలాంటి అడవిలో చెట్లు గీసుకోవడానికి కట్టే కౌలు ఊరికే చేరుతుంది.

తాటిచెట్టు గీత తెలిసిన మనకు ఈ పని అర్థం కావడం తేలికే. చెట్టు బతికుండాలి, గాయం మితంగా ఉండాలి, మనిషి మళ్లీ మళ్లీ రావాలి. పూర్వం కాండాన్ని లోతుగా చెక్కి, చెట్టు మొదలు దగ్గర ఇసుకలో తవ్విన గుంటలోకి బంక కారనిచ్చేవారు. మట్టి, చెత్త కలిసిపోయేవి. 1840లలో ఫ్రాన్స్‌లోని లాండ్ అడవుల్లో పియేర్ యూగ్ అనే ఆయన గాయం కింద మట్టి ముంత తగిలించే పద్ధతి తెచ్చాడు. తర్వాత అది స్పెయిన్‌కూ పాకింది. 20వ శతాబ్దం మధ్యలో ఇంకో మంచి మార్పు వచ్చింది: కలప జోలికి పోకుండా బెరడు మాత్రమే తీసి, బంక ఊరడానికి ఆమ్లం పూయడం. ఒక్కో వైపు సుమారు 5 ఏళ్లు గీస్తూ చుట్టూ తిరిగి వస్తే ఒకే చెట్టు పాతికేళ్లు బంక ఇస్తుంది. మన మన్యంలో తపసి బంక తీసే గిరిజనుల అనుభవం కూడా ఇదే. గొడ్డలితో లోతుగా నరికిన తపసి చెట్లు చచ్చిపోయాయి, పైపైన గీసినవి నిలిచాయి.

ఈ బంకను బట్టీ పెడితే టర్పెంటైన్ అనే నూనె, రోజిన్ అనే గట్టి పదార్థం వస్తాయి. రంగులు, సబ్బులు, కాగితం, జిగురులు, చివరికి వయొలిన్ కమాను దాకా వీటి వాడకం ఉంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి సరుకు ఆగిపోవడంతో యూరప్‌లో ధర ఎగసింది. 1898లో స్పెయిన్‌లో 'ఉనియోన్ రెసినేరా' అనే పెద్ద కంపెనీ పుట్టింది. 1961లో ఆ దేశం దాదాపు 55 వేల టన్నుల బంక తీసింది. అదే శిఖరం. ఆ తర్వాత రోజిన్‌కు బదులుగా పెట్రోలియం నుంచి చేసిన రెజిన్లు, చైనా నుంచి చవక సరుకు వచ్చాయి. కుర్రాళ్లు పట్నాలకు వెళ్లిపోయారు. 1990ల నాటికి గీసేవాళ్లు దాదాపు కనుమరుగయ్యారు.

వాళ్లు వెళ్లాక అడవి ఏమైందో చూస్తేనే వాళ్ల విలువ తెలుస్తుంది. ఒక్కో మనిషి చూసుకునేది సుమారు 5 వేల చెట్లు. వసంతం నుంచి శరదృతువు దాకా రెండు వారాలకోసారైనా ప్రతి చెట్టు దగ్గరికి రావాలి. అందుకోసం మొదళ్ల దగ్గర పొదలు కొడతాడు, దారులు మూసుకుపోకుండా చూస్తాడు, పురుగు పట్టిన చెట్టును ముందే గుర్తిస్తాడు. ఎండలు మండే రోజుల్లో, అంటే మంటలు లేచే రోజుల్లోనే, అడవి నడుమ ఉంటాడు. పొగ లేస్తే మొదట చూసే కళ్లు తరచూ అతనివే. అతను లేని చోట పొదలు దట్టంగా పెరిగాయి, నిప్పు నేల నుంచి కొమ్మలకు ఎక్కడానికి అవే నిచ్చెన.

2008 ఆర్థిక సంక్షోభంలో భవన నిర్మాణ పనులు పోయినవాళ్లు కొందరు మళ్లీ పైన్ చెట్ల దగ్గరికి వచ్చారు. అప్పటికి బంక ధర కూడా లేచింది. కానీ ఆ ధర ప్రపంచ మార్కెట్ చేతిలో ఉంది, పడితే ఊళ్లో సంపాదన పడుతుంది. చలికాలంలో బంక కారదు, ఆ నెలలు వేరే పని వెతుక్కోవాలి. నన్ను బాధపెట్టేది మాత్రం వాళ్లకు డబ్బు ఇచ్చే లెక్క: కిలోకు ఇంత. కొట్టిన పొదలకు, కాపాడిన దారికి, కనిపెట్టిన పొగకు ఆ తూకంలో చోటు లేదు.