కారు మీద గీత పడితే టూత్‌పేస్టేనా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

కారు మీద గీత కనిపించగానే చాలామంది చేసే మొదటి పని యూట్యూబ్ చూడటం, రెండోది బాత్రూంలోంచి టూత్‌పేస్టు పట్టుకురావడం. ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చే చిన్న పనుల్లో, పడిన గీత కన్నా దాని మీద ఇంట్లో చేసిన వైద్యమే ఎక్కువ బిల్లు తెచ్చినవి బోలెడు. అలాగని ఇంట్లో ఏమీ చేయొద్దని అనను. చేసుకోదగ్గవి చాలానే ఉన్నాయి, అవి చెబితే నా బేరమే పోతుంది, అయినా పర్లేదు.

ముందు పెయింట్ సంగతి. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిపైన ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన రంగులేని పారదర్శక పూత, అదే క్లియర్ కోట్. ఫ్యాక్టరీ పెయింట్‌లో ఇవన్నీ కలిపినా సుమారు 100 నుంచి 130 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో పదో వంతు కన్నా కాస్త ఎక్కువ. అందులో క్లియర్ వాటా 40 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. మెరుపు దానిదే, ఎండ నుంచి రంగును కాపాడేదీ అదే.

అపోహ: పాలిష్ పెడితే గీత పూడుతుంది.

పూడదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ అరిగి, గీత అడుగుతో సమానమై, కంటికి కనిపించకుండా పోతుంది. అంటే ప్రతిసారీ మీ దగ్గరున్న కొంచెం క్లియర్‌ని ఖర్చు పెడుతున్నారన్నమాట, అది మళ్లీ పెరగదు. టూత్‌పేస్టులోనూ పళ్లను తోమే మెత్తటి పొడి ఉంటుంది కాబట్టి సన్నటి మసకలు కొంచెం తగ్గినట్టు కనిపిస్తాయి, కాదనను. కానీ ఆ పొడి పంటి కోసం చేసింది, పెయింట్ కోసం కాదు. ముదురు రంగు కార్ల మీదైతే గీత పోయి దాని చోట అరచేయంత మచ్చ మిగులుతుంది. పెయింట్ రుద్దడానికే చేసిన పేస్టు, అంటే మంచి రబ్బింగ్ కాంపౌండ్, చిన్న డబ్బా కొనుక్కుంటే చాలాకాలం వస్తుంది, దానికి బదులు పేస్టు ఎందుకు?

రుద్దే ముందు గీత మీద నీళ్లు చల్లండి. తడి ఉన్నంతసేపు కనిపించకుండా పోతే అది క్లియర్‌లోనే ఉంది, నీడలో, చల్లగా ఉన్న రేకు మీద కాంపౌండ్‌తో పోయే అవకాశం ఎక్కువ. తర్వాత గోరు అడ్డంగా నడపండి. టక్కున తగులుకుంటే లోతుగా దిగినట్టే, ఎంత రుద్దినా లాభం లేదు, ఉన్న క్లియర్ కూడా పోతుంది.

ఇంకోటి, అసలు గీత కానివి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్తంభాలకి పసుపు, నలుపు పట్టీలు వేస్తారు కదా, బంపర్ దానికి రాసుకున్నాక కనిపించే పసుపు చారలో చాలా భాగం స్తంభం పెయింటే, మీ క్లియర్ పైన అంటుకుని కూర్చుంది. గుడ్డకి కాస్త టర్పెంటైన్ అద్ది తుడిచి, వెంటనే షాంపూ నీళ్లతో కడిగేస్తే సగానికి పైగా పోతుంది. అంతకుముందు షెడ్డులో పెయింట్ వేసిన భాగం అయితే ఓ మూల చూసుకుని మొదలుపెట్టండి. థిన్నర్ జోలికి మాత్రం పోకండి, ముఖ్యంగా బంపర్ మీద.

అపోహ: టచప్ (గీత మీద అద్దుకునే చిన్న సీసా పెయింట్) వేస్తే అసలు తెలియకుండా కలిసిపోతుంది.

దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తుంది. టచప్ పని తుప్పు ఆపడం, నాలుగడుగుల దూరం నుంచి కనబడకుండా చేయడం, అంతవరకే. మామూలు తెలుపు బాగానే కలుస్తుంది. సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్ రంగుల్లో సన్నటి రేకుముక్కలు ఉంటాయి, స్ప్రేలో అవి పరుచుకునే తీరు వేరు, బ్రష్‌తో అద్దినప్పుడు వేరు, అందుకే చుక్క ముదురుగా కనిపిస్తుంది. ఆర్సీలో ‘వైట్’ అని ఉందని ఏదో తెలుపు తెచ్చుకోకండి. డ్రైవర్ డోర్ పక్క స్తంభం మీదో, బానెట్ కిందో ఉండే స్టిక్కర్ మీద కలర్ కోడ్ ఉంటుంది, అది చూపించి అడగండి.

హైవేలో రాయి తగిలి బానెట్ మీద చిట్లిన చుక్కను ఇలా చేయొచ్చు. బాగా కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు, వ్యాక్స్ తుడిచేయండి. రేకు కనిపిస్తుంటే ప్రైమర్ చుక్క, గోధుమరంగు తిరిగి ఉంటే ముందు బ్లేడు కొనతో మెరిసే రేకు వచ్చేదాకా గీకాలి. సీసా మూతకి ఉండే బ్రష్‌ని నమ్మొద్దు, గోడకి సున్నం వేసేంత లావుంటుంది. అగ్గిపుల్ల కొనను చెక్కి, దాంతో చుక్క మధ్యలో రంగు వదిలితే అదే అంచుల దాకా పాకుతుంది. ఆరితే కిందికి దిగుతుంది కాబట్టి ఒకేసారి నింపకుండా, మధ్యలో గంట ఆగుతూ మూడు నాలుగు సార్లు పెట్టి, చివర క్లియర్. కొన్ని రోజులయ్యాక, చేయి తిరిగినవాళ్లయితే 2000 నంబరు వాటర్ పేపర్‌తో సబ్బు నీళ్లలో సమానం చేసుకోవచ్చు. లేకపోతే అలాగే వదిలేయండి, పక్కనున్న మంచి పెయింట్ తినేయడం కన్నా చిన్న బొడిపె నయం.

అపోహ: చిన్నదే కదా, తర్వాత చూద్దాం.

బంపర్ మీదైతే సరే, ప్లాస్టిక్, తుప్పు పట్టదు, ఏడాది ఆగినా ఏం కాదు. డోర్ అంచు, బానెట్, రూఫ్ రేకు కదా. విశాఖ, కాకినాడ, బందరు వైపు ఉప్పుగాలికి రేకు తేలితే తుప్పు త్వరగా మొదలై, పెయింట్ కిందనుంచే పాకి బుడగలా లేపుతుంది. తుప్పు మీదే లప్పం పెట్టి కప్పేసినది ఏదో ఒక రోజు ఊడి వస్తుంది.

స్ప్రే క్యాన్ గురించి ఎక్కువ చెప్పను: పెద్ద భాగానికి వద్దు. ముసురు రోజుల్లో గాలిలో తేమకి క్యాన్ పెయింట్ తెల్లగా మసకేస్తుంది, పక్కింటి కారు మీద తుంపర్లు పడతాయి. హార్డెనర్ కలిసిన 2కె క్లియర్ క్యాన్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఆస్తమా తెచ్చిపెట్టే సరుకు. దానికి గుడ్డ మాస్కు చాలదు, సెల్లార్‌లో అసలే కొట్టొద్దు.

అపోహ: ఇన్సూరెన్స్ ఉందిగా, క్లెయిమ్ చేసేస్తే ఫ్రీ.

జీరో డెప్ (విడిభాగాల అరుగుదల కోత లేకుండా ఇచ్చే యాడాన్) ఉన్నా 1500 సీసీ లోపు కారుకి క్లెయిమ్‌కి 1000 రూపాయలు, ఆపైన 2000 మీరు కట్టాల్సిందే. దానితోపాటు నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై అయిదేళ్లకి 50 శాతందాకా పెరిగేది ఒక్క డోర్ గీత కోసం సున్నాకి వస్తుంది, ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడాన్ తీసుకుని ఉంటే తప్ప. షెడ్డులో ఒక ప్యానెల్‌కి రేటు అడిగి, వచ్చే ఏడాది పోయే బోనస్‌తో పోల్చి చూసుకుని, అప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి.