తొలి పందెంలో రెండో స్థానం ఆలిస్‌ది

అమెరికాలో జరిగే ఆల్ అమెరికన్ సోప్ బాక్స్ డెర్బీలో ఆడపిల్లలకు అనుమతి దొరికింది 1971లో. ఇంజన్ లేని బండిని పిల్లలే తయారుచేసుకుని, వాలు మీద వదిలి పోటీపడే ఆట ఇది. మన వీధుల్లో చెక్కకు పాత బాల్ బేరింగులు బిగించి తోసుకునే బండికి అన్న లాంటిది. బండి దిగువకు జారాక కండబలంతో పనేమీ లేదు. చక్రం సాఫీగా తిరగాలి, గాలికి అడ్డు తగలకుండా వంగి కూర్చోవాలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి. మరి ఆడపిల్లలను ఎందుకు రానివ్వలేదు? అసలు వాళ్లు మొదటి నుంచీ లేరా అంటే, ఉన్నారు.

ఇలాంటి పందేలు ఈ డెర్బీ పుట్టకముందు కూడా జరిగేవి. 1914లో కాలిఫోర్నియాలోని వెనిస్‌లో జరిగిన పిల్లల కార్ల పందెం దగ్గరే చార్లీ చాప్లిన్ నటించిన ఒక చిన్న సినిమా తీశారు. ఆ పిల్లలూ బండ్లూ అందులో ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే అది దేశవ్యాప్త పోటీగా ఎదగడం ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో మొదలైంది.

1933 వేసవి అది. మహా మాంద్యం రోజులు కాబట్టి బొమ్మలు కొనే స్తోమత చాలా ఇళ్లలో లేదు. డేటన్ డైలీ న్యూస్ ఫొటోగ్రాఫర్ మైరన్ స్కాట్‌కు కొందరు కుర్రాళ్లు సొంతంగా చేసుకున్న బండ్లతో పందెం వేసుకుంటూ కనిపించారు. వారం తర్వాత మళ్లీ రండి, బహుమతి ఇస్తానన్నాడు. 19 మంది వచ్చారు. దాంతో పత్రిక తరఫునే ఆగస్టు 19న పెద్ద పందెం పెట్టించాడు. ఈసారి 362 మంది పిల్లలు బండ్లు లాక్కుని వచ్చేశారు. చూడ్డానికి 40 వేల మంది దాకా వచ్చారని అంచనా. సరుకుల పెట్టెల చెక్క, రేకు ముక్కలు, పసిపిల్లల తోపుడు బండి చక్రాలు, ఏది దొరికితే అదే బండి అయింది. గెలిచిన 16 ఏళ్ల రాండల్ కస్టర్ బండికి ఉన్నవి మూడే చక్రాలు.

రెండో స్థానంలో వచ్చింది ఆలిస్ జాన్సన్. హెల్మెట్ తీసేదాకా ఆ బండి నడిపింది ఆడపిల్ల అని జనానికి తెలియలేదు. ఈ ఆట చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ఘట్టం ఇదే. ఆడపిల్లలు నడపలేరు అనే వాదన మొదటి ఏడాదే, వేలమంది కళ్లముందే తేలిపోయింది.

మరుసటి ఏడాది, 1934లో షెవర్లే కార్ల కంపెనీ స్పాన్సర్‌గా వచ్చింది. 34 నగరాల విజేతలు డేటన్‌లో తలపడ్డారు. 1935లో పోటీ కొండలు, గుట్టలు ఎక్కువగా ఉన్న ఆక్రన్ నగరానికి మారింది. ఆ ఏడాదే ఒక బండి అదుపు తప్పి, రేడియోలో ప్రత్యక్ష వ్యాఖ్యానం చెబుతున్న గ్రాహం మెక్‌నామీని గుద్దేసింది. 1936కల్లా ప్రభుత్వ ఉపాధి పథకం డబ్ల్యూపీఏ కింద డెర్బీ డౌన్స్ అనే ప్రత్యేక ట్రాక్ కట్టేశారు. యుద్ధం వల్ల 1942–45 సంవత్సరాల్లో ఆగినా, జాతీయ పోటీ అప్పటి నుంచీ అక్కడే.

ఊరూరా స్థానిక పత్రికలు, షెవర్లే డీలర్లు కలిసి పోటీలు నడిపారు. ఆట పెరిగింది, నియమాలూ పెరిగాయి. వాటిలో ఒకటి, పోటీ మగపిల్లలకు మాత్రమే అన్నది. కార్ల కంపెనీ దృష్టిలో రేపటి కొనుగోలుదారు మగపిల్లాడే, రేపటి ఇంజనీరూ వాడే. ఆ ఆలోచనే ఈ నియమంలోకి చేరిందని నా అభిప్రాయం. దీన్ని చిన్న విషయంగా తీసేయలేం. గెలిచినవాడికి దక్కేది ఉత్త కప్పు కాదు, కాలేజీ స్కాలర్‌షిప్. అంటే కొన్ని దశాబ్దాల పాటు ఆడపిల్లలకు ఆటతో పాటు చదువుకునే ఒక దారి కూడా మూసుకుపోయింది.

షెవర్లే 1972లో తప్పుకుంది. ఆ మరుసటి ఏడాది గెలిచిన బండి ముక్కులో, పందెం మొదట్లో కిందికి పడే ఇనుప గేటు బండిని ముందుకు లాగేలా విద్యుదయస్కాంతం దాచారని బయటపడి, ఆ టైటిల్ రద్దయింది. 1975లో జాతీయ విజేత పెన్సిల్వేనియాకు చెందిన 11 ఏళ్ల కారెన్ స్టెడ్. చేతికి సిమెంటు కట్టుతోనే బండి నడిపి గెలిచింది. డెర్బీ టైటిల్ ఒక ఆడపిల్లకు దక్కడం అదే మొదటిసారి.