121 మీటర్ల నీటికి ఆవల: టొరంటో దీవి విమానాశ్రయం వెనుక కథ

టొరంటో నగరంలో బాథర్స్ట్ వీధి దక్షిణంగా సాగి ఆంటారియో సరస్సును తాకే చోట, నగరానికీ ఎదుట ఉన్న దీవులకూ నడుమ నీరు ఒక కాలువంత సన్నబడుతుంది. వెస్టర్న్ గ్యాప్ అని పిలిచే ఆ పాయ, ఫెర్రీ దాటే చోట, 121 మీటర్ల వెడల్పు ఉంటుంది. కార్లనూ మనుషులనూ ఎక్కించుకున్న ఫెర్రీ ఈ గట్టు వదిలిన నిమిషంన్నరకే ఆ గట్టుకు చేరుతుంది. ఈవలి గట్టున ఒక బడి, దాన్ని ఆనుకుని కమ్యూనిటీ సెంటర్, బార్లీని మాల్టుగా మార్చే, ఏనాడో మూతపడిన కర్మాగారపు కాంక్రీటు సైలోలు (ధాన్యపు గాదెలు), వాటి వెనుక అపార్టుమెంట్ల వరుసలు ఉన్నాయి. ఆవలి గట్టున 1,216 మీటర్ల రన్‌వే, దాని మీద నుంచి ఒట్టావాకో మాంట్రియల్‌కో న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్‌కో ఎగిరే ప్రయాణికుల విమానాలు ఉన్నాయి. ఆ నీటిని ఎలా దాటాలి, ఆవల ఏమి ఉండాలి అన్న తగవు దాదాపు తొంభై ఏళ్లుగా తెగలేదు.

తెగకపోవడానికి ఒక కారణం ఉంది. వాణిజ్య విమానాశ్రయం నగర నడిబొడ్డు తీరాన ఉండవచ్చా అన్న ప్రశ్న టొరంటో ముందుకు ఏనాడూ ఆ రూపంలో రాలేదు. ఒకసారి సొరంగంగా, ఒకసారి వంతెనగా, మరొకసారి రన్‌వేకు ఇరువైపులా కలపవలసిన కొన్ని మీటర్ల నేలగా వచ్చింది. ప్రతిసారీ నగరం ఇంజినీరింగ్ పనికి అవుననో కాదనో చెప్పింది తప్ప, అసలు ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

ఈ దీవులు మొదట దీవులు కావు. తూర్పున సన్నని ఇసుక మెడతో ప్రధాన భూభాగాన్ని అంటిపెట్టుకుని ఉన్న ద్వీపకల్పాన్ని 1858 నాటి పెనుతుఫాను తెంచి వేరు చేసింది. ఆ దీవుల పశ్చిమ కొస పేరు హాన్లన్స్ పాయింట్. పడవ పందేల్లో ప్రపంచ విజేతగా నిలిచిన నెడ్ హాన్లన్ కుటుంబం పేరే దానికి స్థిరపడింది. వేసవిలో నగర జనం ఫెర్రీలెక్కి అక్కడి వినోదాల పార్కుకు తరలివచ్చేవారు. అక్కడి బేస్‌బాల్ మైదానంలోనే 1914 సెప్టెంబరు 5న అమెరికా బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ తన వృత్తి జీవితంలో మొదటి హోమ్ రన్ కొట్టాడు. విమానాశ్రయం కోసం కూల్చింది ఈ మైదానాన్నీ పార్కునే. ఆ నేల ఖాళీగా పడి ఉండేదని వాదించేవారు ఈ సంగతిని తరచు మరచిపోతారు.

అయితే 1930ల నాటి నగర పెద్దలను ఈనాటి కళ్లతో చూసి తప్పుపట్టడం న్యాయం కాదు. అప్పటికి టొరంటో తీరమంటే రైలు పట్టాలు, బొగ్గు కుప్పలు, గోదాములు, ఓడల జెట్టీలు. 1911లో ఏర్పడిన హార్బర్ కమిషన్ సరస్సును పూడ్చి కొత్త నేల తీసి పరిశ్రమలకు ఇవ్వడమే తన పనిగా పెట్టుకుంది. ఇంటికి పెరడు ఎలాగో నగరానికి తీరం అలాగ. రైలు స్టేషను పక్కన ఓడరేవు, దాని పక్కనే విమానాల రేవు ఉండాలన్న ఆలోచన అప్పటివారికి సహజంగా తోచింది. ఆ కాలపు విమానం చిన్నది, రోజుకు ఎగిరేవి కొన్నే. రియో డి జనీరో కూడా సముద్రాన్ని పూడ్చి నగరం అంచునే శాంటోస్ డ్యూమాంట్ విమానాశ్రయాన్ని 1936లో తెరిచింది.

1935లో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన సొమ్ముతో గ్యాప్ కింద సొరంగం పని మొదలైంది. ఆ ఏడాదే ఎన్నికల్లో గెలిచిన ప్రధాని మెకెంజీ కింగ్ ప్రభుత్వం దాన్ని రద్దు చేయడంతో తవ్విన గొయ్యిని మళ్లీ పూడ్చేశారు. రెండేళ్ల తర్వాత, 1937లో, సిటీ కౌన్సిల్ విమానాశ్రయానికే మొగ్గు చూపింది. ముఖ్య విమానాశ్రయం దీవిలోనూ, అవసరానికి ఆదుకునే ప్రత్యామ్నాయం నగరానికి వాయవ్యాన ఉన్న మాల్టన్ పొలాల్లోనూ కట్టాలని నిర్ణయించారు. హాన్లన్స్ పాయింట్‌లోని వేసవి ఇళ్లలో సుమారు 30 ఇళ్లను పునాదుల మీద నుంచి లేపి, బల్లకట్ల మీద నీటిలో తేల్చి, ఇప్పుడు ఆల్గాంక్విన్ అని పిలుస్తున్న పక్క దీవికి తరలించారు. 1939లో ఆరో జార్జి రాజు కెనడా వచ్చిన సందర్భానికి గుర్తుగా ఆయన పేరే పెట్టి విమానాశ్రయాన్ని తెరిచారు.

వెంటనే యుద్ధం వచ్చిపడింది. జర్మనీ ఆక్రమించిన నార్వే నుంచి బయటపడిన వైమానిక దళం 1940లో ఇక్కడికి వచ్చి, ఈవలి గట్టున ‘లిటిల్ నార్వే’ పేరుతో శిబిరం వేసుకుని పైలట్లను తయారు చేసుకుంది. 1941 జూన్‌లో ఆ దళానికి చెందిన నీటి విమానం ఒకటి రేవులో వెళ్తున్న శామ్ మెక్‌బ్రైడ్ ఫెర్రీని ఢీకొట్టింది. విమానంలోని ఇద్దరూ మరణించారు. పడవలూ విమానాలూ ఒకే నీటిని పంచుకోవడంలోని ప్రమాదానికి అది తొలి సాక్ష్యం. ఆ ఫెర్రీ ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు జనాన్ని దీవులకు చేరవేసింది.

యుద్ధానంతరం కథ తారుమారైంది. ప్రత్యామ్నాయంగా కట్టిన మాల్టన్ అసలు విమానాశ్రయమై, పెరిగి పెరిగి ఈనాటి పియర్సన్ అంతర్జాతీయ విమానాశ్రయంగా మారింది. జెట్ విమానానికి కావలసిన పొడవాటి రన్‌వేకు అక్కడ చోటుంది, దీవిలో లేదు. దీవి విమానాశ్రయం సొంత విమానాలకూ ఫ్లయింగ్ స్కూళ్లకూ పరిమితమైపోయింది. ఈలోగా ఈవలి గట్టు మారసాగింది. సరుకు రవాణా తగ్గి ఖాళీ అయిన పారిశ్రామిక భూములను ప్రజల కోసం తీసుకుంటున్నట్టు 1972లో ఫెడరల్ ప్రభుత్వం ప్రకటించింది. హార్బర్‌ఫ్రంట్ అలా పుట్టింది. గోదాముల చోట కళా కేంద్రాలు, ఇళ్లు, నడకదారులు వచ్చాయి. నగరానికి పెరడుగా ఉన్న చోటు వాకిలి అయింది. నా దృష్టిలో అసలు వివాదానికి పుట్టిన తేదీ 1939 కాదు, ఈ 1972. విమానాశ్రయం ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ ఉన్న నగరం తాను ఏమి కావాలో అప్పుడు మార్చుకుంది.

అదే దశకంలో టొరంటోలోనే డి హావిలాండ్ కెనడా సంస్థ తయారుచేసిన డాష్-7 విమానం, పొట్టి రన్‌వే మీద తక్కువ చప్పుడుతో ఎగరగల నాలుగు ఇంజిన్ల టర్బోప్రాప్ (ప్రొపెల్లర్లతో నడిచే విమానం), దీవి విమానాశ్రయానికి వాణిజ్య ఆశలను తిరిగి చిగురింపజేసింది. ఆ ఆశకూ తీరవాసుల భయానికీ మధ్య కుదిరిన రాజీయే 1983 నాటి త్రైపాక్షిక ఒప్పందం. సిటీ, హార్బర్ కమిషన్, ఫెడరల్ ప్రభుత్వం సంతకాలు చేసిన ఆ పత్రం విమానాశ్రయానికి 2033 వరకు 50 ఏళ్ల ఆయుష్షు ఇచ్చి, బదులుగా కొన్ని హద్దులు గీసింది. రోగులను తరలించే విమానాల వంటి కొద్ది మినహాయింపులు తప్ప జెట్ విమానాలు దిగరాదు. రన్‌వేను పొడిగించరాదు. వంతెన గాని, వాహనాల సొరంగం గాని కట్టరాదు. చప్పుడు ఎన్.ఇ.ఎఫ్. (నాయిస్ ఎక్స్‌పోజర్ ఫోర్‌కాస్ట్) 25 అనే గీత దాటరాదు.

ఈ చివరి హద్దును కొంచెం దగ్గరగా చూడాలి. ఎన్.ఇ.ఎఫ్. అనేది కిటికీ పక్కన కూర్చున్న మనిషి చెవిలో పడిన ఒక్క విమానం చప్పుడును కొలిచేది కాదు. రోజు మొత్తంలో ఎగిరే విమానాల సంఖ్య, వాటి రకం, రాత్రివేళ చప్పుడుకు కలిపే అదనపు లెక్క అన్నీ చేర్చి లెక్కగట్టి, మ్యాపు మీద గీతలుగా గీసే అంచనా అది. అందుచేత విమానం చప్పుడు తగ్గేకొద్దీ అదే గీత లోపల మరిన్ని విమానాలకు చోటు దొరుకుతుంది. గీత కదలకపోయినా, బడి ఆవరణలో పిల్లలకు వినిపించే టేకాఫ్‌లు మాత్రం పెరగవచ్చు. ఒప్పందానికి కట్టుబడి ఉన్నామని ఒక పక్షం, బతుకు భారమైందని రెండో పక్షం ఒకేసారి నిజం చెప్పగలగడానికి కారణం ఈ కొలతే.

ఒప్పందంలోని నిషేధాలు ఎంత అవసరమో తెలియాలంటే లండన్‌ను చూడాలి. మూతపడిన రాయల్ డాక్స్ ఓడరేవులో 1987లో తెరిచిన లండన్ సిటీ విమానాశ్రయం కూడా ఇదే డాష్-7 విమానాలతో, పొట్టి రన్‌వేతో, చిన్న ఏర్పాటుగానే మొదలైంది. రన్‌వేను పొడిగించాక, 1992లో అక్కడికి జెట్‌లు వచ్చాయి. టొరంటోలో అలాంటి మెట్టు ఎక్కకుండా ఆపింది స్థలాభావం కంటే కాగితం మీది సంతకాలే.

తొలి ఇరవై ఏళ్లు ఆ కాగితానికి పెద్ద పరీక్ష రాలేదు. 1984లో సేవలు ప్రారంభించిన సిటీ ఎక్స్‌ప్రెస్ అనే సంస్థ 1991లో మూతపడింది. 1999లో హార్బర్ కమిషన్ స్థానంలో ఫెడరల్ చట్టం కింద టొరంటో పోర్ట్ అథారిటీ ఏర్పడింది. తన తీరం మీద ఏర్పడిన ఈ సంస్థ పాలక మండలిలో నగరం మాట ఒక గొంతుకే పరిమితమైంది. 2002 నవంబరులో కౌన్సిల్ గ్యాప్ మీద ఎత్తి దించే వంతెనకు ఆమోదం తెలిపింది. మరుసటి ఏడాది మేయర్ ఎన్నిక ఆ వంతెన చుట్టూనే తిరిగింది. ప్రక్షాళనకు గుర్తుగా చీపురు పట్టుకుని, వంతెనను ఆపుతానని మాట ఇచ్చిన డేవిడ్ మిల్లర్ గెలిచారు. డిసెంబరులో కొత్త కౌన్సిల్ ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది. వంతెన రద్దుతో తలెత్తిన క్లెయిముల పరిష్కారానికి 2005లో ఫెడరల్ ప్రభుత్వం 3.5 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

అదే 2003లో, మార్చి 30 రాత్రి, షికాగోలో ఇదే ప్రశ్న మరోలా ముగిసింది. మిషిగన్ సరస్సు ఒడ్డున, డౌన్‌టౌన్‌ను ఆనుకుని ఉన్న మీగ్స్ ఫీల్డ్ రన్‌వేను మేయర్ రిచర్డ్ ఎం. డేలీ బుల్‌డోజర్లు పంపి పెద్ద ‘ఎక్స్’ గుర్తుల ఆకారంలో తవ్వించారు. 16 విమానాలు అక్కడే చిక్కుకుపోయాయి. ఇప్పుడు ఆ చోట పార్కు ఉంది. ఆ పార్కు మంచిదే, కాని చెప్పాపెట్టకుండా అర్ధరాత్రి చేసిన ఆ పనిని నేను సమర్థించలేను. ఓటు వేసి టొరంటో నడిచిన దారి నెమ్మదైనదే అయినా గౌరవప్రదమైనది.

వంతెన ఆగింది కాని విమానం ఆగలేదు. 2006 అక్టోబరులో పోర్టర్ ఎయిర్‌లైన్స్ సుమారు 70 సీట్ల క్యూ400 టర్బోప్రాప్‌లతో ఫెర్రీ ఆధారంగానే సర్వీసులు మొదలుపెట్టింది. వంతెన లేకుండా విమానాశ్రయం బతకదన్న పాత వాదన అక్కడితో వీగిపోయింది. వంతెన లేకపోతే అదే మూతపడుతుందన్న ప్రత్యర్థుల ఆశా వీగిపోయింది. 2009లో విమానాశ్రయానికి మొదటి ప్రపంచ యుద్ధ వైమానిక వీరుడు బిల్లీ బిషప్ పేరు పెట్టారు. 2015 జూలైలో పాదచారుల సొరంగం తెరుచుకుంది. 1935లో పూడ్చిన గొయ్యి ఎనభై ఏళ్లకు మరో రూపంలో నెరవేరింది. 2019 నాటికి ఏటా సుమారు 28 లక్షల మంది ఈ దారిన ప్రయాణించారు. వారి సౌకర్యాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఆఫీసు నుంచి నడిచి వెళ్లి విమానం ఎక్కగలగడం చిన్న విషయం కాదు. అవయవాలనూ రోగులనూ ఆసుపత్రులకు దగ్గరగా దించే అంబులెన్సు విమానాల విలువ అంతకన్నా పెద్దది. అయితే పియర్సన్‌లో ఆ ఏడాది 5 కోట్లకు పైగా ప్రయాణికులు తిరిగారు. నగర నడిబొడ్డున ఉన్న యూనియన్ స్టేషన్ నుంచి అక్కడికి 25 నిమిషాల్లో చేర్చే రైలు 2015 జూన్ నుంచే నడుస్తోంది. అంబులెన్సు విమానాలకు జెట్‌లు గాని, పెద్ద టెర్మినల్ గాని అక్కర్లేదు.

2013 ఏప్రిల్‌లో పోర్టర్ బొంబార్డియర్ సీ-సిరీస్ జెట్‌లకు షరతులతో ఆర్డరు ఇచ్చి, రన్‌వేను రెండు చివరలా సరస్సులోకి పొడిగించాలని కోరింది. అంతిమ ప్రతిపాదన చెరి 200 మీటర్లు. మీటర్ల లెక్కగా కనిపించే ఈ కోరిక వెనుక చాలా ఉంది. రన్‌వే కొస జరిగితే విమానం దిగే మార్గం జరుగుతుంది, దానితో పాటు పడవలు రాకూడని నీటి హద్దు, తీరాన కట్టగల భవనాల ఎత్తు కూడా మారవచ్చు. ఈవలి గట్టున బడి ముందు నుంచి వెళ్లే ఒక్క రోడ్డు మీద ట్యాక్సీల వరుస పెరుగుతుంది. 2014లో కౌన్సిల్ షరతులు పెట్టి అధ్యయనాలు కోరింది. 2015 నవంబరులో కొత్త ఫెడరల్ రవాణా మంత్రి మార్క్ గార్నో ఒప్పందాన్ని తిరిగి తెరవబోమని ట్విటర్‌లో ప్రకటించడంతో ఆ అధ్యాయం ముగిసింది. తర్వాత పోర్టర్ జెట్‌లు కొన్నది. 2023 ఫిబ్రవరి నుంచి వాటిని పియర్సన్ నుంచి నడుపుతోంది. దీవిలో జెట్‌లు లేకపోతే సంస్థకు ఎదుగుదల లేదన్న మాట ఎంతవరకు నిజమో దీన్నిబట్టే తెలుస్తుంది.

మిగిలింది భద్రతా నియమం. విమానం పట్టు తప్పి రన్‌వే దాటిపోతే ఆపేందుకు చివరల్లో 150 మీటర్ల స్థలం ఉండాలని కెనడా నిబంధన కోరుతోంది. దీవి విమానాశ్రయంలో దాన్ని అమలు చేయడానికి గడువు 2027. ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన ఈ పని చేయవలసిందే. కాని ఆ పనికి పెట్టే ఖర్చు రాబట్టుకోవాలంటే 2033 చాలదని విమానాశ్రయ నిర్వాహకులు అన్నారు. 2024 అక్టోబరులో కౌన్సిల్ ఒప్పందం గడువును 2045 వరకు పొడిగించేందుకు ఆమోదం తెలిపింది. ఆ ఏడు బడిలో చేరిన పిల్లలు అప్పటికి పాతికేళ్లు దాటి ఉంటారు. చివరల్లో మరికొన్ని మీటర్ల నేల గురించి జరిగిన ఆ చర్చలో, ఆ దీవి కొస మీద విమానాశ్రయమే ఉండాలా అన్న ప్రశ్న మళ్లీ వెనుక వరుసలోనే కూర్చుంది.